పాస్‌వర్డ్ ఇచ్చారు, పగ్గాలు ఇవ్వలేదు: బెంగాల్ బడుల్లో సాంకేతికతకు సారథి ఎవరు?

హౌరా: సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి ఇక్కడ దిగే తెలుగు ప్రయాణికులకు హౌరా అంటే ఒక స్టేషన్, ఒక వంతెన. హుగ్లీ నది దాటితే కోల్‌కతా. అయితే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సచివాలయం 2013 అక్టోబరులో రైటర్స్ బిల్డింగ్ నుంచి నదికి ఈవలి ఒడ్డుకు, హౌరాలోని 'నబన్న' భవనానికి తరలివచ్చింది. విద్యాశాఖ కార్యాలయం సాల్ట్‌లేక్‌లోనే ఉన్నా, బడులకు సంబంధించిన పెద్ద ప్రకటనలు అప్పటి నుంచి నబన్న వేదికగానే వెలువడుతున్నాయి. ఆ ప్రకటనలను అమలు చేయవలసిన బడులు మాత్రం జనపనార మిల్లుల నీడన, ఇనుప సామాను వర్క్‌షాపుల సందుల్లో, ఈ భవనానికి ఎంతో దూరం లేకుండానే ఉన్నాయి. నిర్ణయానికీ తరగతి గదికీ నడుమ నిలిచే వ్యక్తి ఒక్కరే: ప్రధానోపాధ్యాయుడు.

ఆ వ్యక్తి గురించి ఇప్పుడు ఆలోచించవలసిన అవసరం ఏర్పడింది. 2026–27 విద్యా సంవత్సరం నుంచి మూడో తరగతి మొదలుకొని కృత్రిమ మేధ, గణన ఆలోచనా విధానాలను పాఠ్యాంశంలో చేరుస్తామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. సీబీఎస్ఈ ఇందుకోసం ఐఐటీ మద్రాస్ ఆచార్యుడు కార్తీక్ రామన్ అధ్యక్షతన నిపుణుల కమిటీని నియమించింది. ఉపాధ్యాయులకు 'నిష్ఠ' కార్యక్రమం ద్వారా శిక్షణ ఇస్తామని కూడా కేంద్రం తెలిపింది. పాఠ్యాంశం ఎవరు రాస్తారు, ఉపాధ్యాయులకు ఎవరు నేర్పుతారు అన్న ప్రశ్నలకు ఈ విధంగా జవాబులు లభించాయి. బడిలో ఆ మార్పును ఎవరు నడిపిస్తారు, వారికి నడిపించడం ఎవరు నేర్పుతారు అన్న ప్రశ్న ప్రకటనల్లో దాదాపు వినిపించదు. ఆ ప్రశ్నను పక్కన పెడితే ఏమవుతుందో పశ్చిమ బెంగాల్ ఇప్పటికే ఒకసారి చూసింది.

ట్యాబ్ కోసం పది వేలు

కొవిడ్ కారణంగా 2020 మార్చిలో మూతపడిన బెంగాల్ బడులు చిన్న తరగతుల పిల్లలకు 2022 ఫిబ్రవరి వరకు పూర్తిగా తెరుచుకోలేదు. ఆ విరామంలో, 2020 డిసెంబరు తొలి వారంలో, పన్నెండో తరగతి చదువుతున్న సుమారు 9.5 లక్షల మంది విద్యార్థులకు ట్యాబ్‌లు ఇస్తామని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ప్రకటించారు. అంత తక్కువ వ్యవధిలో అన్ని లక్షల పరికరాలు సరఫరా చేయడం సాధ్యం కాదని తేలడంతో అదే నెలలో నిర్ణయం మారింది. పరికరానికి బదులు రూ.10,000 నగదును నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో వేస్తామన్నారు. 'తరుణేర్ స్వప్న' పేరుతో ఆ పథకం ఏటా కొనసాగింది. 2024లో పదకొండో తరగతికి కూడా విస్తరించడంతో లబ్ధిదారుల సంఖ్య సుమారు 16 లక్షలకు చేరింది.

నగదు బదిలీ విధానం ప్రభుత్వానికి సులువు, విద్యార్థికి స్వేచ్ఛ. బడికి మాత్రం అది మరో రకమైన బరువు. ఎవరు అర్హులో నిర్ధారించడం, ఖాతా సంఖ్యలను, బ్యాంకు కోడ్‌లను 'బాంగ్లార్ శిక్షా' పోర్టల్‌లో నమోదు చేయడం, డబ్బు చేరాక విద్యార్థి నిజంగానే ట్యాబ్ కొన్నాడని చూపే రసీదు తీసుకోవడం, ఇవన్నీ పాఠశాల విధులయ్యాయి. పోర్టల్ ప్రవేశాధికారం ప్రధానోపాధ్యాయుని పేరిట ఉంటుంది. పని చేసేది కొన్ని చోట్ల గుమాస్తా, కొన్ని చోట్ల కంప్యూటర్ తెలిసిన ఓ యువ ఉపాధ్యాయుడు, మరికొన్ని చోట్ల వీధి చివరి సైబర్ కేఫ్.

2024 నవంబరులో ఈ ఏర్పాటు బీటలువారింది. పలు జిల్లాల విద్యార్థులకు రావలసిన ట్యాబ్ డబ్బు అపరిచితుల ఖాతాల్లోకి వెళ్లినట్టు బయటపడింది. బాధితుల సంఖ్య సుమారు 1,900 అని పోలీసులు తేల్చారు. పోర్టల్‌లోకి ప్రవేశించి విద్యార్థుల ఖాతా సంఖ్యలను మార్చివేశారని, అందుకు అద్దెకు తీసుకున్న బ్యాంకు ఖాతాలను వాడుకున్నారని దర్యాప్తులో వెల్లడైంది. ఉత్తర దినాజ్‌పూర్ జిల్లా చోప్రా పరిసరాలతో పాటు మాల్దా తదితర జిల్లాల్లో అరెస్టులు జరిగాయి. నష్టపోయిన విద్యార్థులకు ప్రభుత్వం మళ్లీ డబ్బు పంపింది.

16 లక్షల్లో 1,900 అంటే వెయ్యికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. గణాంకంగా చిన్నదే. కానీ ఆ వ్యవహారంలో తొలి రోజుల్లో ఫిర్యాదులు ఎవరి మీద నమోదయ్యాయన్నది గమనార్హం. తూర్పు మేదినీపూర్ జిల్లాలో కొందరు ప్రధానోపాధ్యాయులనే బాధ్యులుగా పేర్కొన్నారు. ప్రధానోపాధ్యాయుల సంఘాలు దీన్ని తీవ్రంగా నిరసించాయి. తమ పేరుతో ఉన్న తాళంచెవి ఎన్ని చేతులు మారిందో, ఎప్పుడు మార్చాలో, మారిన వివరాన్ని ఎలా సరిచూసుకోవాలో తమకు ఎవరూ నేర్పలేదన్నది వారి వాదన సారాంశం. పాస్‌వర్డ్‌లు సులభంగా ఊహించదగినవిగా ఉండటం, ఒకే పాస్‌వర్డ్ పలువురికి తెలిసి ఉండటం వంటి లోపాలు అప్పుడే చర్చకు వచ్చాయి. ఇది సాంకేతిక లోపమా, పాలనా లోపమా అని విడదీసి చూడటం కష్టం. తాళం ఉన్నవాడికి కావలి కాయడం తెలియకపోవడం రెండింటి కిందకూ వస్తుంది.

కౌంటరుగా మారిన బడి

బెంగాల్ బడులు సాంకేతికతకు దూరంగా ఉన్నాయనుకోవడం పొరపాటు. 2013లో మొదలైన 'కన్యాశ్రీ' పథకం ఆసాంతం పోర్టల్ ఆధారంగా నడుస్తుంది. బాలికల చదువు కొనసాగేలా ఏటా ఉపకార వేతనం, 18 ఏళ్లు నిండాక రూ.25,000 అందించే ఆ పథకానికి 2017లో ఐక్యరాజ్య సమితి ప్రజాసేవా పురస్కారం లభించింది. సైకిళ్లు పంచే 'సబూజ్ సాథీ'కి సమాచార సమాజ శిఖరాగ్ర సదస్సు బహుమతి వచ్చింది. వీటి వెనుక బడుల్లో కూర్చొని వివరాలు ఎక్కించిన వేలాది మంది శ్రమ ఉంది. మైనారిటీ విద్యార్థుల 'ఐక్యశ్రీ', మధ్యాహ్న భోజన లెక్కలు, కేంద్రం కోరే యూడైస్ ప్లస్ వివరాలు, అన్నీ అదే గదిలోని అదే కంప్యూటర్ నుంచి వెళతాయి.

అంటే సాంకేతికత బడిలోకి వచ్చింది. అది తరగతి గది గుమ్మం దాకా వెళ్లకుండా ఆఫీసు గదిలోనే ఆగింది. సంక్షేమ పథకాలకు బడి ఒక కౌంటరు అయింది, ప్రధానోపాధ్యాయుడు ఆ కౌంటరు అధికారి అయ్యాడు. పరిపాలనలో సాంకేతికతను ఇంతగా జీర్ణించుకున్న రాష్ట్రం బోధనలో అదే పని ఎందుకు చేయలేకపోయిందన్న ప్రశ్నకు పరికరాల కొరత ఒక్కటే సమాధానం కాదు. కొరత నిజమే. యూడైస్ ప్లస్ 2024–25 నివేదిక ప్రకారం దేశంలో 64.7 శాతం పాఠశాలల్లో కంప్యూటర్లు, 63.5 శాతం పాఠశాలల్లో ఇంటర్నెట్ ఉన్నాయి. ఈ సగటుకు పశ్చిమ బెంగాల్ చాలా వెనుకబడి ఉంది. పీఎం శ్రీ పథకంలో చేరేందుకు రాష్ట్రం నిరాకరించడంతో సమగ్ర శిక్షా నిధులను కేంద్రం నిలిపివేసింది. నిలిచిన మొత్తం రూ.1,000 కోట్లకు పైబడిందని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ప్రస్తావించింది. రెండు ప్రభుత్వాల మధ్య పోరు ముగిసేదాకా పాత కంప్యూటర్లకు మరమ్మతు ఎవరు చేయించాలన్నది బడుల ముందున్న చిక్కు.

నిధులు వచ్చినప్పుడు కూడా వాటి రూపం గమనించదగినది. సమగ్ర శిక్షా కింద ఒక బడికి కంప్యూటర్ ప్రయోగశాల మంజూరైతే సామగ్రికి రూ.6.40 లక్షల వరకు ఒకేసారి, నిర్వహణకు ఏడాదికి రూ.2.40 లక్షల వరకు ఐదేళ్ల పాటు ఇస్తారు. ఆరో ఏడు ఏం చేయాలన్నది బడే చూసుకోవాలి. బెంగాల్‌లో ఈ ప్రయోగశాలల బాధ్యతను ఎక్కువగా ప్రైవేటు ఏజెన్సీల ద్వారా నియమితులైన కాంట్రాక్టు కంప్యూటర్ బోధకులు మోస్తున్నారు. వేతనాల కోసం వారు పలుమార్లు రోడ్డెక్కారు. వారిపై ప్రధానోపాధ్యాయునికి నియామకాధికారం లేదు, తొలగింపు అధికారం లేదు, జీతం ఇచ్చే వీలు అంతకన్నా లేదు.

దీనికి తోడు 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2016 నాటి నియామక ప్రక్రియలో అక్రమాల కారణంగా 25,753 మంది బోధన, బోధనేతర సిబ్బంది నియామకాలు రద్దయ్యాయి. అదే నెల 17న, అక్రమాలతో సంబంధం లేని ఉపాధ్యాయులు తాత్కాలికంగా కొనసాగేందుకు న్యాయస్థానం అనుమతించింది. గ్రూప్ సి, గ్రూప్ డి సిబ్బందికి ఆ వెసులుబాటు దక్కలేదు. పత్రికల్లో ఉపాధ్యాయుల ఆవేదనకు దక్కిన చోటు గుమాస్తాలకు దక్కలేదు. కానీ పోర్టల్ ముందు కూర్చునే మనిషి చాలా చోట్ల ఆ గుమాస్తాయే. అతని కుర్చీ ఖాళీ అయిన బడిలో ఆ పని తిరిగి తిరిగి ప్రధానోపాధ్యాయుని బల్ల మీదికే వస్తుంది. ఇక్కడ మరో వాస్తవం కూడా ఉంది. బెంగాల్‌లో ఎన్నో బడులకు పూర్తిస్థాయి ప్రధానోపాధ్యాయుడే లేడు. సీనియర్ ఉపాధ్యాయుడొకరు 'టీచర్ ఇన్‌చార్జి' హోదాలో, తన పాఠాలు తాను చెప్పుకుంటూనే, బడిని నెట్టుకొస్తుంటారు.

ఒకే సాఫ్ట్‌వేర్, రెండు ఫలితాలు

ప్రధానోపాధ్యాయుడు ఒక్కడు మారితే ఏం మారుతుందన్న సందేహం సహజం. దానికి జవాబు గుజరాత్‌లో జరిగిన ఒక అధ్యయనంలో దొరుకుతుంది. ఆర్థికవేత్త లీ లిండెన్ 2008లో వెలువరించిన ఆ పరిశోధన 'జ్ఞాన్ శాల' అనే స్వచ్ఛంద సంస్థ నడిపే బడుల్లో, రెండు, మూడు తరగతుల పిల్లలతో సాగింది. గణిత అభ్యాసానికి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను రెండు విధాలుగా వాడి చూశారు. కొన్ని చోట్ల బడి వేళల్లోనే, మామూలు పాఠానికి బదులుగా పిల్లలను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. మరికొన్ని చోట్ల బడి సమయానికి అదనంగా కూర్చోబెట్టారు. మొదటి పద్ధతిలో పిల్లల చదువు వెనుకబడింది, నష్టం 0.57 ప్రామాణిక విచలనం. రెండో పద్ధతిలో 0.28 మేర లాభం కనిపించింది. తేడా అంతా ఆ గంటను రోజులో ఎక్కడ పెట్టారన్న దానిలోనే ఉంది.

టైమ్‌టేబుల్‌లో ఆ గంట ఎక్కడ ఉండాలో నిర్ణయించేది మంత్రి కాదు, సాఫ్ట్‌వేర్ సంస్థా కాదు. ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' కేంద్రాలపై కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియాన్ చేసిన అధ్యయనం కూడా ఇదే దిశను సూచిస్తుంది. బడి అయ్యాక వచ్చిన పిల్లలకు వారి తరగతిని బట్టి కాక, వారికి నిజంగా వచ్చిన స్థాయిని బట్టి పాఠం ఇచ్చినప్పుడు నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మెరుగుదల నమోదైంది. దీనికి భిన్నంగా, ప్రతి పిల్లకూ ఒక ల్యాప్‌టాప్ పథకాన్ని పెరూ దేశంలోని 319 గ్రామీణ బడుల్లో పరిశీలించిన పరిశోధకులకు గణితంలో గానీ భాషలో గానీ చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. పరికరాలు చేరాయి, బోధన మారలేదు.

మన దగ్గర ఈ ముచ్చట కొత్తది కాదు. 1984లో కేంద్రం 'క్లాస్' పేరుతో దేశంలోని సుమారు 250 ఎంపిక చేసిన పాఠశాలలకు బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. యంత్రం ముందు, గురువు తర్వాత అన్న వరుస అప్పుడే మొదలైంది. నలభై ఏళ్లు గడిచినా ఆ వరుస పెద్దగా మారలేదు.

అనుమతి పత్రం

పశ్చిమ బెంగాల్ మాధ్యమిక విద్యా మండలి నిబంధనల ప్రకారం విద్యార్థులు బడికి మొబైల్ ఫోన్ తీసుకురాకూడదు. ఉపాధ్యాయుడు తరగతిలో ఫోన్‌ను బోధనోపకరణంగా వాడదలిస్తే ప్రధానోపాధ్యాయుని నుంచి ముందుగా లిఖితపూర్వక అనుమతి పొందాలి. అదే రాష్ట్రంలో పదకొండు, పన్నెండు తరగతుల వారికి ప్రభుత్వమే ట్యాబ్ కొనుక్కోమని డబ్బు ఇస్తోంది. 2023–24 నుంచి ఉన్నత మాధ్యమిక మండలి కృత్రిమ మేధ, డేటా సైన్స్‌లను ఐచ్ఛిక పాఠ్యాంశాలుగా ప్రవేశపెట్టింది. ఈ మూడు నిర్ణయాల్లో దేనికదే సమర్థనీయం. పదో తరగతి దాకా నిషిద్ధ వస్తువుగా ఉన్నది పదకొండో తరగతిలో అడుగుపెట్టగానే ప్రభుత్వ కానుక అవుతుంది. ఈ మలుపును పిల్లలకు, తల్లిదండ్రులకు, సహోపాధ్యాయులకు అర్థమయ్యేలా చెప్పి, ట్యాబ్‌ను ఏ పాఠానికి తేవాలో, ఏ రోజు ఇంట్లో ఉంచాలో నిర్ణయించవలసినవాడు మళ్లీ ఆ అనుమతి పత్రంపై సంతకం పెట్టేవాడే. జాగ్రత్తపరుడైన ప్రధానోపాధ్యాయుడు అనుమతి ఇవ్వకపోవడమే క్షేమమనుకుంటే ఆయనను తప్పుపట్టలేం. ఇచ్చి చెడితే నిందపడేది ఆయనే, ఇవ్వకపోతే ఎవరూ అడగరు.

పిల్లల చేతిలో పరికరం ఉండటానికీ దాన్ని చదువుకు వాడటానికీ మధ్య దూరం ఎంతో అసర్ 2024 నివేదిక చూపింది. గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసు. వారిలో ముందు వారంలో చదువు సంబంధిత పనికి దాన్ని వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం.

హౌరాలో మరో చిక్కు భాషది. మిల్లు కార్మికుల వలసలతో ఎదిగిన ఈ నగరంలో బెంగాలీ మాధ్యమ బడుల పక్కనే హిందీ, ఉర్దూ మాధ్యమ బడులు ఉన్నాయి. డిజిటల్ పాఠాన్ని ఒక భాష నుంచి మరో భాషలోకి యంత్రం క్షణాల్లో మార్చి ఇస్తున్న కాలమిది. ఇక్కడే జాగ్రత్త కావాలి. భౌతికశాస్త్రంలో 'ఎనర్జీ'కి బెంగాలీ పాఠ్యపుస్తకం వాడే మాట 'శక్తి'. తెలుగు పుస్తకం వాడేదీ అదే. హిందీ పుస్తకంలో మాత్రం ఎనర్జీ 'ఊర్జా'. అక్కడ 'శక్తి' అంటే 'పవర్'. బెంగాలీలో పవర్ 'క్షమతా', తెలుగులో 'సామర్థ్యం'. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు బడుల్లో ఒకే మాట రెండు వేర్వేరు భౌతిక రాశులను సూచిస్తుంది. యంత్రానువాదం 'శక్తి'ని యథాతథంగా అటు పంపితే లెక్క తప్పుతుంది, పిల్లవాడికి తప్పెక్కడో తెలియదు. ఈ పొరపాటును పట్టుకోగల సైన్సు ఉపాధ్యాయునికి ముందుగా పాఠం చూసే సమయం కల్పించడం నాయకత్వంలో భాగం. ఏ శిక్షణ మాడ్యూల్‌లోనూ ఇది పెద్దగా కనిపించదు. 2020 డిసెంబరులోనే బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటు కల్పించాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలకు కూడా రేపు ఇదే సమస్య ఎదురవుతుంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

బెంగాల్‌ను వేలెత్తి చూపే ముందు సొంత ఇంటి వైపు చూడటం మంచిది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న 4,59,564 మంది ఎనిమిదో తరగతి విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభమైంది. బెంగాల్ డబ్బు ఇస్తే ఆంధ్రప్రదేశ్ వస్తువే ఇచ్చింది, అందులో పాఠాలు కూడా నింపి ఇచ్చింది. పాఠాలు బైజూస్ సంస్థవి. 2024 జూలైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఏ సంస్థ పాఠం వాడాలో ఏ ప్రధానోపాధ్యాయుడినీ అడగలేదు. ఆ సంస్థే నిలదొక్కుకోలేకపోతే ప్రత్యామ్నాయం ఏమిటో కూడా ఎవరూ చెప్పలేదు.

2022లో ఉపాధ్యాయులు తమ సొంత ఫోన్లలో ముఖ గుర్తింపు హాజరు యాప్ వేసుకోవాలన్న ఆదేశంపై పెద్ద నిరసన వ్యక్తమైంది. భోజనం ఫొటో ఒక యాప్‌లో, మరుగుదొడ్డి ఫొటో ఇంకో యాప్‌లో పెట్టవలసి రావడం పల్లె బడుల్లో చేదు హాస్యానికి కారణమైంది. మరుగుదొడ్ల ఫొటోల బాధ్యతను 2024లో వచ్చిన ప్రభుత్వం తొలగించింది, విడివిడి యాప్‌లను 'లీప్' పేరిట ఒకే వేదికపైకి తెచ్చింది. ఉపశమనమే. అయినా యాప్‌ల సంఖ్య తగ్గడం వేరు, వాటిని ఎందుకు వాడుతున్నామో తేల్చుకునే అధికారం బడికి రావడం వేరు. తెలంగాణలో 2025 ఆరంభంలో ఏక్‌స్టెప్ ఫౌండేషన్ సహకారంతో ప్రాథమిక తరగతుల్లో కృత్రిమ మేధ ఆధారిత అభ్యాసం మొదలైంది. చదవడం, లెక్కలు చేయడంలో వెనుకబడిన పిల్లలను కొద్దిమంది చొప్పున కంప్యూటర్ల ముందుకు తీసుకువెళ్లే పద్ధతి అది. ఏ పిల్లలు, ఎప్పుడు, ఏ పాఠం వదులుకొని వెళ్లాలన్న గుజరాత్ ప్రశ్న అక్కడా వర్తిస్తుంది.

ఈ విషయంలో కేరళ దారి వేరు. 2001లో 'ఐటీ ఎట్ స్కూల్' మొదలుపెట్టినప్పుడు ఆ రాష్ట్రం బయటి బోధకులను కాక ఉన్న ఉపాధ్యాయులనే ఎంచుకుంది. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడిని ఐటీ సమన్వయకర్తగా గుర్తించారు. శిక్షణ ఇచ్చేదీ ఉపాధ్యాయులే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడటంతో ఒక కంపెనీ మూతపడితే బడి ఆగిపోయే ప్రమాదం తగ్గింది. 2017లో ఈ ప్రాజెక్టే 'కైట్' అనే ప్రభుత్వ సంస్థగా మారింది. 4,752 బడుల్లో 45,000 తరగతి గదులను ఆధునికీకరించింది. 2024లో 80,000 మంది ఉపాధ్యాయులకు కృత్రిమ మేధపై శిక్షణ చేపట్టింది. పిల్లలతోనే పరికరాల సంరక్షణ చేయించే 'లిటిల్ కైట్స్' క్లబ్బులు 2018 నుంచి నడుస్తున్నాయి. కేరళలో లోపాలు లేవని కాదు. కానీ అక్కడ ప్రధానోపాధ్యాయుడు ఒంటరి కాదు. పక్కనే సమన్వయకర్త, వెనుక జిల్లా స్థాయి శిక్షక బృందం ఉంటాయి. ఈ ఏర్పాటుకు పునాది పడి పాతికేళ్లు కావస్తోంది. ఒక బడ్జెట్ ప్రకటనతో దాన్ని నకలు చేయడం సాధ్యం కాదు.

నాయకత్వం నేర్పే చోటు

దేశంలో అలాంటి చోటు లేదనలేం. జాతీయ విద్యా ప్రణాళిక, పాలనా సంస్థలో 2012లో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. రాష్ట్రాల్లో నాయకత్వ అకాడమీలు వెలిశాయి. నూతన విద్యా విధానం 2020 ప్రకారం ప్రధానోపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలి. 2019 ఆగస్టులో మొదలైన 'నిష్ఠ' తొలి విడతలోనే 42 లక్షల మంది ఉపాధ్యాయులను, ప్రధానోపాధ్యాయులను లక్ష్యంగా పెట్టుకుంది. కొవిడ్ రాగానే అది 'దీక్షా' వేదికపై ఆన్‌లైన్ మాడ్యూళ్లుగా మారింది. వీడియో చూసి, ప్రశ్నలకు జవాబిచ్చి, ధ్రువపత్రం దింపుకోవడం. సంఖ్య త్వరగా పెరుగుతుంది. యాప్ ఎలా తెరవాలో తెలుస్తుంది. ఒక సంస్థ ప్రతినిధి వచ్చి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇస్తానంటే ఏయే ప్రశ్నలు వేయాలో, పిల్లల సమాచారం ఎవరి చేతికి వెళుతుందో ఎలా అడగాలో, అయిష్టంగా ఉన్న సీనియర్ ఉపాధ్యాయురాలిని నొప్పించకుండా ఎలా ఒప్పించాలో అలా రాదు. అవి తోటి ప్రధానోపాధ్యాయునితో కూర్చొని, ఒకరి బడిని ఒకరు చూసి, తప్పు చేసి దిద్దుకుంటే వచ్చేవి.

ఇది భారత్‌కే పరిమితమైన లోటు కాదు. పాఠశాల నాయకత్వంపైనే యునెస్కో 2024 అక్టోబరులో తన ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదికను వెలువరించింది. అధిక ఆదాయ దేశాల్లో సైతం దాదాపు సగం మంది ప్రధానోపాధ్యాయులు బాధ్యత చేపట్టే ముందు ఏ శిక్షణా పొందడం లేదని అది తెలిపింది. 14 మధ్యాదాయ దేశాల్లో ప్రభుత్వ బడుల ప్రధానోపాధ్యాయులు తమ సమయంలో 68 శాతాన్ని రోజువారీ నిర్వహణ పనులకే వెచ్చిస్తున్నారని కూడా పేర్కొంది. ఈ రెండో అంకె హౌరాలో ఎవరికీ ఆశ్చర్యం కలిగించదు. అందుచేత శిక్షణ గంటలు పెంచే ముందు పోర్టల్ గంటలు తగ్గించాలి. ప్రతి బడికీ ఒక గుమాస్తా, బడుల సముదాయానికి ఒక సాంకేతిక సహాయకుడు ఉంటే చాలావరకు ఆ పని తీరుతుంది. స్మార్ట్ తరగతి గదితో పోలిస్తే అది ఆకర్షణ లేని ఖర్చు. ప్రారంభోత్సవానికి రిబ్బన్ కత్తిరించే వీలు కూడా ఉండదు.

బెంగాల్ ప్రభుత్వ బడుల్లో విద్యా సంవత్సరం జనవరిలో ఆరంభమవుతుంది. కేంద్రం ప్రకటించిన కృత్రిమ మేధ పాఠ్యాంశాన్ని రాష్ట్ర బోర్డు స్వీకరిస్తుందా, ఎప్పుడు, ఏ రూపంలో అన్నది నబన్న నిర్ణయించవలసిన విషయం. సంవత్సరారంభంలో కొత్త పుస్తకాల కట్టలు విప్పాక ప్రధానోపాధ్యాయులు చేసే మొదటి పని టైమ్‌టేబుల్ గీయడం. మూడో తరగతి టైమ్‌టేబుల్‌లో అదనపు గంటకు చోటు చేయవలసి వస్తే, దాన్ని లెక్కల నుంచి తీయాలా, ఆటల నుంచి తీయాలా, బడి వదిలాక పెట్టాలా అన్నది ఆ కాగితం మీదే తేలుతుంది.